క్రీస్తుదాసు చేపలు

బోడిమెట్టపాలెం మంచినీళ్ళ చెరువు గేటు తాళంచెవి ముప్ఫై ఏళ్ళుగా క్రీస్తుదాసు మొలతాడుకే వేలాడుతోంది. చుట్టాలింటికి పెళ్ళికి పోయినా, చర్చిలో ప్రభువు బల్ల ముందు మోకరించినా అది మొలకు గుచ్చుకుంటూనే ఉంటుంది. సాగర్ కాలువకు నీళ్ళు వదిలినప్పుడు చెరువు నింపుకోవాలి. మళ్ళీ వదిలేదాకా ఊరంతా ఆ నీళ్ళతోనే బతకాలి. బోరు వేస్తే ఉప్పునీళ్ళే పడతాయి. అవి మిరపచేలకే పనికిరావు, ఇక మనిషి నోటికేం పనికొస్తాయి. అందుకే ఆ ఊళ్ళో చెరువు కాపలా చిన్న ఉద్యోగం కాదని క్రీస్తుదాసు చెప్పేవాడు. జీతం మాట మాత్రం ఎత్తేవాడు కాదు.

ఒకప్పుడు ఆయన తల్లికి ఆ చెరువు మెట్టు మీద కాలు పెట్టే వీల్లేదు. కట్ట కింద కుండ పెట్టుకుని నిలబడాలి. పైనుంచి ఎవరికైనా దయ పుట్టి ఓ బిందె వంచితే ఆ పూటకు నీళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టి, మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివిన కొడుకు చేతికి పంచాయతీ వారు తాళంచెవి ఇచ్చారు. ఆ రోజు అతను మొట్టమొదట చేసిన పని ముసలామెను చెయ్యి పట్టుకుని మెట్లు దింపడం. ఆమె అరచెయ్యి నీళ్ళమీద ఆనించింది, ముంచకుండానే వెనక్కి తీసుకుంది.

"ఎవరూ చూట్టంలేదు కదరా?"

"చూస్తే చూడనీ అమ్మా. కాపలా నాది."

ఆ మాట మీదే నిలబడ్డాడు. గేదె మూతి నీళ్ళకు తగలనివ్వలేదు. పెద్ద రైతు కొడుకొకడు పత్తికి మందు కొట్టిన స్ప్రేయరు కడుక్కోవడానికి వస్తే, దాన్ని లాక్కుని పంచాయతీ ఆఫీసులో పెట్టి తాళం వేశాడు. తుఫాను ఏడు కట్టకు గండి పడబోతే తమ పేటలో మగవాళ్ళందరినీ లేపి ఇసుక బస్తాలు వేయించాడు. కాలువ రాని ఏడాది ఇంటికి ఇన్ని బిందెలని కొలిచి పోయించి, మళ్ళీ నీళ్ళొచ్చేదాకా ఊరిని లాక్కొచ్చాడు. ఓసారి కలెక్టరే వచ్చి ఆ నీళ్ళు గ్లాసులో పట్టించుకుని తాగి వెళ్ళారు. ఇవన్నీ ఊరందరికీ తెలుసు, ఎందుకంటే టీ కొట్టు దగ్గర ఆయనే చెప్పేవాడు. ఎక్కడ మొదలుపెట్టినా ముగింపు ఒకటే: "నా హయాంలో ఈ చెరువు అడుగు చూసినవాడు లేడు."

ఆయనకు లొంగనిదల్లా పాచి. ఎండలు ముదిరేసరికి మెట్లూ, వడపోత గోడలూ పచ్చగా జారుడు పట్టేవి. మొలలోతు నీళ్ళలో దిగి రేకుముక్కతో గీకేవాడు. అరవై దాటాక మోకాళ్ళు ఒప్పుకోవడం మానేశాయి.

అలాంటి ఒక వేసవిలో మాజీ ప్రెసిడెంటు వెంకటనారాయణ గారి మనవరాలు హారిక గుంటూరు బ్రాడీపేటలో కోచింగుకని హాస్టల్లో చేరడానికి సర్దుకుంటోంది. కుళాయి బాగు చేయడానికి వెళ్ళిన క్రీస్తుదాసుకు వసారాలో గాజుతొట్టి కనపడింది. రంగు చేపలన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. మొసలితోలు కప్పుకున్నట్టున్న నల్లచేపలు రెండు మాత్రం అద్దానికి నోరు అంటించుకుని ఉన్నాయి.

"ఇవేం తింటాయమ్మా?"

"అద్దానికి పట్టిన పాచి, దాసు తాతా. ఈ తొట్టి మేమెప్పుడూ కడగలేదు. అవే నాకేస్తాయి."

బావిలో తాబేలును వదిలితే నీళ్ళు తేటగా ఉంటాయని తాతలనాటి నుంచీ వింటున్న మాటే. తొట్టికి రెండు చేపలు చాలితే చెరువుకు పది చాలవా? ఈ ఊహ తనకు తట్టినందుకు క్రీస్తుదాసు పొంగిపోయాడు. ఎలాగూ వదిలించుకోవాలనుకుంటున్న వెంకటనారాయణ గారు ఆ రెండూ ఇచ్చేయడమే కాక, గుంటూరు నుంచి ఇంకా తెప్పించి పెట్టారు. ఓ ఆదివారం కొబ్బరికాయ కొట్టి, పాస్టరు గారితో ప్రార్థన చేయించి, అందరి ముందూ చెరువులో వదిలారు. క్రీస్తుదాసుకు శాలువా కప్పారు. రెండు వేసవులు మెట్లు కడిగినట్టున్నాయి. ఊరు వాటికి క్రీస్తుదాసు చేపలని పేరు పెట్టింది. ఎవరైనా ఆ పేరు అంటే ఆయన పనున్నా లేకపోయినా ఆగేవాడు.

మూడో ఏడు నీళ్ళు మసకేశాయి. ఎంత ఆగినా తేరుకునేవి కావు. చెరువులో ముందునుంచీ ఉన్న పరిగెలూ జెల్లలూ కనపడడం మానేశాయి. ఎక్కడ చూసినా నల్లటి వీపులే, ఒక్కోటి మూరెడు. చీరాల నుంచి వలవాళ్ళను పిలిపిస్తే, చేపల ముళ్ళు పోగులో ఇరుక్కుని, ఒక్కోదాన్ని విడిపించడానికి వల కొయ్యవలసి వచ్చింది. సాయంత్రానికి చిరిగిన వల భుజానేసుకుని వాళ్ళ మేస్త్రీ సలీం అన్నాడు: "పెద్దాయనా, ఇవి మీ చెరువులో లేవు. మీరే వీటి చెరువు నీళ్ళు తాగుతున్నారు."

మండలం నుంచి వచ్చిన ఇంజినీరు చెరువు ఎండగట్టక తప్పదన్నాడు. క్రీస్తుదాసు ఆయన మీదకు లేచాడు. కాలువ రాని కరువు ఏడు కూడా ఎండనివ్వని చెరువు, తొట్టిలో పెరిగిన చేపకు భయపడి ఎండగట్టాలా అని అడిగాడు. తనే పట్టేస్తానని పంతం పట్టి, పొద్దుటి నుంచి గాలం వేసుకుని మెట్ల మీద కూర్చునేవాడు. సాయంత్రం బకెట్టు బరువుగానే ఉండేది. మర్నాడు నీళ్ళలో చూస్తే నిన్నటికీ నేటికీ తేడా ఉండేది కాదు.

ఈ పంతం తేలింది ఆయన వాకిట్లోనే. పేట మొత్తం చెరువుకు పడమటి కట్ట దిగువన పల్లంలో ఉంటుంది. మిరపకోతలకు వెళ్ళి తెచ్చుకున్న తాలుకాయలు ఆయన భార్య ఎలీసమ్మ వాకిట్లో పట్టా మీద ఆరబోసింది. రెండు రోజుల ఎండ తిన్నాక కూడా అడుగు కాయలు మెత్తబడ్డాయి. పట్టా ఎత్తి చూసి భర్తను పిలిచింది.

"ఏమయ్యా, వాన లేదు, కుళాయి లేదు. ఈ తడి ఎక్కడిది?"

క్రీస్తుదాసు వంగి, పట్టా కింద గుంటలో ఊరిన నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. తియ్యటి నీళ్ళు. అడుగు తవ్వితే ఉప్పుజల పడే ఊళ్ళో తియ్యటి నీళ్ళు ఇంకెక్కడివి? చెరువు నీళ్ళే అవి.

తర్వాత కట్ట ఎక్కాడు. నీటిమట్టం దిగినచోట చేపలు తొలిచిన బొరియలు వరసగా తేలాయి. ఒకదానిలో చెయ్యి పెడితే భుజం దాకా వెళ్ళింది, ఇంకా కొస అందలేదు. లోపల ఏదో గరుకుగా వేళ్ళకు తగిలి కదిలింది. ఈ స్థితిలో కాలువ నీళ్ళతో చెరువు నిండితే కట్ట నిలవదు. తెగితే నీళ్ళు మొదట పోయేది పేట మీదికే. తెల్లారి వెంకటనారాయణ గారింటికి నడిచాడు.

"చెరువు ఖాళీ చెయ్యాలండి."

"నువ్వేనా దాసూ ఈ మాటంటోంది? మొన్న ఇంజినీరును కొట్టినంత పని చేశావు."

"మొన్నటికి నీళ్ళు నా వాకిట్లోకి రాలేదండి."

వెంకటనారాయణ గారు వాలుకుర్చీలో వెనక్కి జారబడ్డారు. "మే నెలలో ఊరిని ట్యాంకర్ల పాలు చేస్తే జనం ఊరుకుంటారా? ఆ ఇంజినీరు చేతే చెప్పిద్దాం. నీ పేరెందుకు మధ్యలో?"

"చేపలకు నా పేరు పెట్టారుగా. ఇప్పుడు తీసేస్తే పోతుందా?"

పంచాయతీ ఆఫీసు ముందు ఆయనే నిలబడి చెప్పాడు. ఎప్పుడూ చెప్పే తుఫాను సంగతీ, కలెక్టరు సంగతీ ఆరోజు ఎత్తలేదు. కట్ట గుల్లబారింది, నిండితే తెగుతుంది, నీళ్ళు తీసేసి తవ్వాలి, అని మూడు ముక్కలు చెప్పి పక్కకు జరిగాడు. జనం తిట్టాల్సినవన్నీ తిట్టి, చివరికి ఒప్పుకున్నారు.

ఇంజన్లు పెట్టి తోడారు. నీళ్ళతో పాటు చేపలు వాగులో పడకుండా గొట్టం చివర ఇనుపజల్లెడ కట్టి, రోజంతా దాని పక్కనే కాపు కాశాడు. అడుగు తేలిన రోజున ఊరంతా చూడడానికి వచ్చింది. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చినవాళ్ళూ ఉన్నారు. బురద నిండా చేపలు. చావవు. మండుటెండలో, నీళ్ళు లేకుండా, నోళ్ళు తెరుస్తూ మూస్తూ సాయంత్రం దాకా బతికే ఉన్నాయి. ఎవరో సెల్‌ఫోనులో తీస్తూ, క్రీస్తుదాసు చేపలు చూడండని ఎవరికో చెబుతున్నారు. ఈసారి ఆయన ఆగలేదు. తట్ట నింపుకుని గోతి వైపు నడిచాడు. ఒక వరస చేపలు, ఒక వరస సున్నం, పైన మట్టి.

ట్యాంకరు వచ్చిన ప్రతి పూటా ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవారు. ఓసారి వెంకటేశ్వరమ్మ బిందె వంతు రాక విసిగిపోయి, ఆయన్ని చూసి గట్టిగానే అడిగింది: "కలెక్టరు తాగిన నీళ్ళేవి దాసూ? మాకూ ఓ గ్లాసు పొయ్యి." చుట్టూ నవ్వారు. ఒకప్పుడైతే గేటు దగ్గరే నాలుగు దులిపేవాడు. ఇప్పుడు ఆమె బిందె అందుకుని ట్యాంకరు గొట్టం కింద పెట్టి, నిండాక ఎత్తి ఆమె చంకకు అందించాడు.

పొక్లెయిన్ వచ్చి బొరియలన్నీ తవ్వేసింది. బంకమట్టి తెచ్చి తొక్కించి, లోపలి వైపు రాళ్ళు పేర్చారు. ఎలీసమ్మ వాకిలి ఎండింది. క్రీస్తుదాసుకు మోకాళ్ళు వాచి, కట్ట ఎక్కాలంటే రాయి రాయి పట్టుకోవలసి వచ్చింది. తాళంచెవి ఇంకెవరికైనా అప్పజెప్పి సుఖాన ఉండమని వెంకటనారాయణ గారు నచ్చజెప్పారు. నీళ్ళొచ్చాక చూద్దామన్నాడు.

కాలువకు నీళ్ళు వదిలారు. చెరువులోకి నీళ్ళు దిగే తూము ముందు సన్నకన్నుల జల్లెడ బిగించుకుని, కర్ర పట్టుకుని ఆయన గట్టున కూర్చున్నాడు. మొదట నురగ వచ్చింది, తర్వాత మిరపకట్టె, ప్లాస్టిక్ సీసాలు. మధ్యాహ్నానికి వేలెడంత నల్లచేప ఒకటి వచ్చి జల్లెడకు నోరు అంటించుకుంది. ఆ వెనకే ఇంకొకటి. ఇవి ఆయన చెరువువి కావు. పైన ఎన్ని ఊళ్ళలో, ఎన్ని ఇళ్ళ తొట్లు ఖాళీ చేశారో. ఆ సంగతి తెలిసి సంతోషించడానికి కూడా ఆయనకు ఓపిక లేదు.

ఎలీసమ్మ అన్నం గిన్నె తెచ్చి పక్కన కూర్చుంది. జల్లెడ వైపు చూసింది. చెరువులో అప్పటికే మోకాలి లోతు నీళ్ళు, తేటగా, కొత్త రాళ్ళను తాకుతున్నాయి. పడమటి కట్ట అవతల మన్ను పొడిగా ఉందని, వచ్చేటప్పుడు చేత్తో తడిమి చూశానని చెప్పింది.

"ఎన్నాళ్ళిలా కూర్చుంటావు?"

"కాలువ పారినన్నాళ్ళు."

ఆమె గిన్నె మూత తీసింది. ఆయన ఎడమచేత్తో అందుకుని, కుడిచేతిలోని కర్రతో జల్లెడ మీది చేపను గట్టు మీదికి లాగాడు. చెయ్యి కడుక్కుని ముద్ద కలుపుకునేలోగా అక్కడికి మరొకటి వచ్చింది. కర్ర మళ్ళీ ఎత్తాడు.