సన్నాయికి మూడు స్పీకర్లు

శిరీష పెళ్ళిలో సన్నాయి మేళం బాధ్యత నా మీద పడడానికి కారణం నా ఉద్యోగం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక కార్ల కంపెనీలో పనిచేస్తాను. కారు లోపల వినిపించే చప్పుళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపెట్టి తగ్గించడం నా పని. "సౌండ్ ఇంజనీరు మా ఇంట్లోనే ఉన్నాడు" అని నా భార్య సుధ, ఆఫీసులో తన పక్క సీటులో కూర్చునే శిరీషకి మాట ఇచ్చేసింది. చప్పుడు తగ్గించేవాడు వేరు, పెంచేవాడు వేరు అని నేను చెప్పేలోగా శుభలేఖ వచ్చేసింది.

అది 2014 శ్రావణ మాసం. పెళ్ళి మిషిగన్ ఉత్తరాన, ట్రావర్స్ సిటీ దాటాక సరస్సు ఒడ్డునున్న ఒక పార్కులో. పెళ్ళికొడుకు బ్రయన్‌ది ఆ ప్రాంతమే. పార్కులో పెళ్ళి జరిగే చోట కరెంటు లేదు, పెద్ద సౌండ్ సిస్టమ్‌కి అనుమతి లేదు. చేత్తో పట్టుకెళ్ళే బ్లూటూత్ స్పీకర్లయితే ఫరవాలేదన్నారట. అసలు సంగతి శిరీష ఫోన్‌లో చెప్పింది.

"అన్నయ్యా, బ్రయన్ వాళ్ళ సైడ్ వాళ్ళకి మంత్రాలు అర్థం కావు కదా. మ్యూజిక్ ఒక్కసారిగా లౌడ్ అవగానే రైస్ వెయ్యండి అని అందరికీ ఈమెయిల్ పెట్టేశాను. గట్టిమేళం మాత్రం మిస్ అవ్వకూడదు, ప్లీజ్."

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి బయలుదేరాం. నేను, సుధ, మా అపార్ట్‌మెంట్లోనే ఉండే కరీంనగర్ మురళి, మూడు స్పీకర్లు. నాది నల్లగా, ఇటుక ఆకారంలో ఉంటుంది. సుధది నారింజ రంగుది, అరచేతిలో పడుతుంది, నీళ్ళలో పడ్డా పాడవదని డబ్బా మీద రాసి ఉంది. మురళిది మాత్రం బియ్యం బస్తాకి చెల్లెలు. దానికి సీట్ బెల్ట్ కూడా పెట్టాడు.

"ఇగ నీ రెండూ పక్కన పెట్టు బ్రదర్. నాది ఆన్ చేస్తే సరస్సు అవతల గూడ ఇనిపిస్తది" అన్నాడు.

ఈ దారిన వెళ్ళదలచినవాళ్ళకి ఒక సలహా. వేసవి శుక్రవారాల్లో మూడు కొట్టేలోగా ఫ్లింట్ దాటెయ్యండి. తర్వాత డెట్రాయిట్ జనమంతా పడవలు తగిలించుకుని ఉత్తరానికి కదులుతారు. మేము దాటలేకపోయాం. జెట్ స్కీ అనే నీటి స్కూటర్‌ని లాక్కెళ్తున్న ఒక కారు వెనకాలే చాలాసేపు నత్తలా నడిచి, నాలుగింటికి ఒక రెస్ట్ ఏరియాలో ఆగాం. సుధ పులిహోర డబ్బా తెరిచింది. నేను నా ఫోన్‌లోని సన్నాయి మేళంతో పరీక్షలు మొదలుపెట్టాను.

మొదట నల్లది. కారులో తేనెలా మోగినది, ఆరుబయట పెట్టగానే నోరు మూసుకుని పాడుతున్నట్టు అయిపోయింది. బల్ల మీద మా ముగ్గురికీ తప్ప ఎవరికీ వినబడలేదు. తర్వాత నారింజది. దీంట్లో డోలు అగ్గిపెట్టె మీద దరువులా ఉంది, సన్నాయి మాత్రం సూదిలా దూసుకుపోతోంది. అంత దూరాన గడ్డిలో నడుస్తున్న ఒక పెద్దాయన కుక్క ఆగిపోయి, మెడ పైకెత్తి ఊళ పెట్టింది.

"సారీ, భయపెట్టేశానా?" అని అడిగాను.

"భయమా? వాడు పాడుతున్నాడు. ఇంతకుముందు చర్చిలోనే పాడేవాడు" అన్నాడాయన గర్వంగా.

చివరికి మురళిది. మీట నొక్కగానే ముందు అదే ధడేల్‌మని ఒక ఉరుము ఉరిమింది. అది దాని స్వాగతమట. సన్నాయి బ్రహ్మాండంగా వచ్చింది. అవతలి బల్లవాళ్ళు లేచి వేరే బల్లకి వెళ్ళిపోయారు. నా ఫోన్ జేబులో పెట్టుకుని నాలుగడుగులు పక్కకి నడిస్తే మాత్రం ఇది కూడా నత్తిగా పాడింది. ఫోన్‌కీ స్పీకర్‌కీ మధ్య మనిషి అడ్డం వస్తే మూడింటిదీ అదే వరస.

మోటెల్‌కి ఏడింటికి చేరాం. పెళ్ళిళ్ళ సీజను, ముందే బుక్ చేసుకోకపోతే గది దొరకదు. పెళ్ళికి నల్ల స్పీకరే ఖాయం చేశాను. మండపం పక్కనే పెడతాను, మృదువుగా ఉంటుంది, గట్టిమేళానికి సౌండ్ పూర్తిగా పెంచేస్తే చాలనుకున్నాను.

శనివారం పొద్దున్నే సుధ, బ్రయన్ మేనత్త కేరల్‌కి చీర కట్టడానికి వెళ్ళింది. ఆవిడ రిటైరైన స్కూల్ బస్ డ్రైవర్, మంచి పొడగరి. చీరకి పద్నాలుగు పిన్నులు పట్టాయని, ఆవిడ కూర్చోకుండా ఉంటే చాలని సుధ నాతో గుసగుసగా చెప్పింది.

తొమ్మిదిన్నరకి పార్కు చేరాం. సరస్సు మీదనుంచి గాలి ఈడ్చి కొడుతోంది. నల్ల స్పీకర్ మండపం మెట్టు మీద పెట్టాను. సన్నాయి పురోహితుడు శాస్త్రిగారి దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. పైగా ఫొటోలు తీసుకునేవాళ్ళంతా నా ముందుకొచ్చి నిలబడడంతో మేళం ముక్కలు ముక్కలైంది.

"మురళీ, నీది రెడీగా పెట్టు. ఆన్ చెయ్యకు, నేను చెప్పినప్పుడే" అన్నాను.

గాలిలో అతనికి "ఆన్ చెయ్యి" ఒక్కటే వినబడిందట.

శాస్త్రిగారు అప్పుడే మంగళసూత్రాలు కొబ్బరిబోండం మీద పెట్టి, పెద్దలు తాకి దీవించడానికి పంపిస్తున్నారు. ధడేల్‌మంది. ఉరుము వెనకాలే ఆ స్పీకర్ నా ఫోన్‌ని కాదని, తనకి అలవాటైన మురళి ఫోన్‌ని పట్టుకుంది. అందులో ముందురోజు సగంలో ఆపిన తీన్‌మార్ డప్పులు మొదలయ్యాయి. మ్యూజిక్ లౌడ్ అయింది కదా! బ్రయన్ తరఫు జనమంతా ఒక్కసారిగా లేచి, "హూ!" అని అరిచి, గుప్పిళ్ళలో ఉన్న అక్షింతలన్నీ వేసేశారు. వాళ్ళని చూసి మనవాళ్ళూ వేసేశారు.

"ఆగండి! ఇంకా కట్టలేదు! తాళి ఊరేగుతోంది!" అని శాస్త్రిగారు చేతులెత్తారు.

"అన్నయ్యా, ఆ దరిద్రాన్ని ఆపు!" అంది శిరీష పీటల మీదనుంచి.

మురళి ఆపలేక దాన్ని కౌగిలించుకుని పార్కింగ్ వైపు పరుగెత్తాడు. డప్పులు చెట్ల మధ్య సన్నగిల్లాయి. అందరూ నన్ను చూశారు. భూమి చీలితే బాగుండుననిపించింది. పళ్ళెంలో ఒక్క గింజ లేదు. మిగతా బియ్యం, పసుపు దూరంగా కారులో ఉన్నాయి. ముహూర్తం దాటిపోతుందని శాస్త్రిగారు వాచీ చూసుకుంటున్నారు.

ముందు కదిలింది కేరల్. "తప్పు మాది, మేమే ఏరతాం" అంటూ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుంది. పిన్నులు టప్ టప్‌మన్నాయి. సుధ పరుగెత్తి ఆవిడ కుచ్చిళ్ళు పట్టుకుని తనూ కూర్చుంది. అంతే, సూట్లు, పట్టుచీరలు అన్నీ నేల మీదకి దిగాయి. అప్పటిదాకా ఆ వైపు వాళ్ళు ఆ వైపు, ఈ వైపు వాళ్ళు ఈ వైపు కూర్చున్నవాళ్ళు, ఇప్పుడు తలలు ఢీకొనేంత దగ్గరగా గింజలు ఏరుతున్నారు. శిరీష వాళ్ళ బాబాయి బ్రయన్ వాళ్ళ నాన్నకి, విరిగిన గింజ పనికిరాదని ఇంగ్లీషులో వివరిస్తున్నాడు.

"గడ్డి కూడా వచ్చేస్తోంది, ఓకేనా?" అంది కేరల్.

"ఓకే ఆంటీ, గరిక అనుకుంటాం" అంది సుధ.

ఆ కాస్త వ్యవధిలో నా బుర్ర పనిచేసింది. గాలిలో డోలు ఎలాగూ నిలవదు, దూసుకుపోయేది కీచు గొంతే. నారింజ స్పీకర్ తీసుకుని మండపం ఎక్కాను. మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా ఫోన్ ఒక చేతిలో, స్పీకర్ ఒక చేతిలో తల మీదికి ఎత్తి పట్టుకుని, వధూవరుల వెనకాలే నిలబడ్డాను. శాస్త్రిగారు తల ఊపారు. గట్టిమేళం సూదిలా బయలుదేరి చివరి వరస దాకా వెళ్ళింది. ఈసారి ఎవరూ వెంటనే వెయ్యలేదు, అనుమానంగా నా వైపు చూశారు. "నౌ! నౌ!" అని నేనే అరిచాను. అక్షింతలు, గడ్డిపోచలు, ఒక ఎర్ర పురుగు నవదంపతుల మీద పడ్డాయి. పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ వాళ్ళిద్దరి తలల మధ్య నేనున్నాను.

భోజనాలయ్యాక మూడింటికి తిరుగు ప్రయాణం. ఈ ఊరు వచ్చి చెర్రీ పై తినకుండా వెళ్ళకండి. మేము ఆగిన దుకాణంలో కేరల్ కనిపించింది. జీన్స్‌లోకి మారిపోయింది, జుట్టులో ఇంకా రెండు మూడు పసుపు గింజలున్నాయి.

"నేనొక స్పీకర్ కొనాలనుకుంటున్నాను. మూడూ వాడావుగా, ఏది కొనమంటావు?" అని అడిగింది.

నేను బుద్ధిగా చెప్పాను. ఇంట్లో కూర్చుని వినడానికి నల్లది. వంటింటికి, స్నానాలగదికి, సన్నాయికి నారింజది. పెద్దది మాత్రం వద్దు, మొయ్యలేరు, ఎవరి మాటా వినదు, ఎప్పుడు ఉరుముతుందో తెలియదు.

ఆవిడ అంతా విని, చెర్రీ పై ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది.

"మా అన్నయ్య, అదే బ్రయన్ వాళ్ళ నాన్న, మీవాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియక నెల రోజులుగా కంగారు పడ్డాడు. ఇవాళ గడ్డిలోంచి లేవనన్నాడు. నాకు ఆ పెద్దదే కావాలి" అంది.

మురళి కారు తాళాలు అందుకున్నాడు. తర్వాత బయటికి వెళ్ళి, సీట్ బెల్ట్ తీసి, దాన్ని ఎత్తుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

"తీస్కోండ్రి ఆంటీ, మా దిక్కునుంచి పెళ్ళి గిఫ్ట్. ఆన్ చేసే ముందు జర దూరం నిలబడుండ్రి."