సారలమ్మ ఎత్తుకు కట్టిన గట్టు

తార్నాకల ఆ సందుల ఎవర్నడిగినా వెంకటనర్సయ్య గురించి ఒకటే మాట చెప్తరు. మనిషి బంగారం, గని ఆయన కంటికి మరక కనవడొద్దు. అంగీ మీద చాయ్ బొట్టు వడితే చాయ్ ఆడనే ఇడిసి నల్లా కాడికి ఉరుకుతడు. పెండ్లి బంతిల పక్కోని లాల్చీ మీద కూర వడ్డా పరేషాన్ ఈయనకే. తప్పు ఆయనదని అనలేం, నౌకరి అసుంటిది. యూనివర్సిటీల కెమిస్ట్రీ ల్యాబు అటెండరు. పోరగాండ్లు ప్రాక్టికల్స్ చేసి ఇడిసిపెట్టి పోయిన గాజు సామాను కడుగుడే జన్మంత. సీసల ఇంత మరకున్నా రేపటి పిల్లగాని లెక్క తప్పుతదని పెద్దసార్లు చెప్పిండ్రు, ఈయన నమ్మిండు. నమ్మి, ఏ మరక దేనికి లొంగుతదో అంతా నేర్సుకున్నడు.

ఆయన పెండ్లాం సారలమ్మకు అసుంటి యావలేం లెవ్వు. ఆమెకున్నది ఒక్కటే కోరిక, నిలబడి వంట చేసుకోవాలె.

నవ్వకుండ్రి. క్యాంపసుల వాళ్లకిచ్చిన కోటర్సు వంటింట్ల గట్టు లేకుండె. స్టవ్వు కిందనే, ఆమె కిందనే. కూసుండి కోసుడు, కూసుండి వండుడు, కూసుండి తోముడు. నలభై దాటంగనే మోకాళ్లు పట్టుకున్నయి. లేవాలంటే ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి నేలకు. "ఓ బండ ఏపియ్యరాదయ్యా, ఇంత ఎత్తుకు" అని ఎన్నిసార్లు అడిగిందో. ఈయన జవాబు ఎప్పుడూ తయారే: "సర్కారు కోటర్సుకు మన పైసలెందుకే? రేపు ఖాళీ చేసుడే గద. మనిల్లు మనం కొన్ననాడు నీకు మంచి గట్టు కట్టిస్త." ఆ రేపు రావడానికి ఆయన సర్వీసంత పట్టింది.

రిటైరైనంక తార్నాక సందుల రెండర్రల పాతిల్లు కొన్నరు. స్లాబు ఉరుస్తది, వంటిల్లు పొగచూరి ఉన్నది. అంబర్‌పేట్‌ల ఇచ్చిన బిడ్డ వనజ వచ్చింది, మేస్త్రీ బుచ్చిరాములు వచ్చిండు, నలుగురు కూసుండి బడ్జెట్ మాట్లాడుకున్నరు. మిగిలిన పైసలు మూడు పనులకు సరిపోతయి: స్లాబు ఉరవకుండ చేసుడు, అమ్మ మోకాళ్ల కోసం వెస్ట్రన్ సీటు, నిలబడి వండేటందుకు నల్ల రాయి గట్టు. నాలుగో పనికి జాగ లేదు. వనజ లెక్క గట్టిగ కట్టింది. "గీ మూడు దాటొద్దు నాయినా" అన్నది. "దాటి ఏడికి వోత బిడ్డా" అన్నడు నర్సయ్య.

"అమ్మా, గీడ నిలబడు" అన్నడు బుచ్చిరాములు. సారలమ్మ గోడ పక్కన నిలబడ్డది, ఫోటో దిగేటప్పటి లెక్క కొంగు సర్దుకొని. మోచేతి కింద బెత్తెడు ఇడిసి మేస్త్రీ పెన్సిలుతోని గీత గీసిండు. "ఇగ నడుం వంగే పని లేదమ్మా, గీ ఎత్తు నీకోసమే." ఆమె ఆ గీత మీద చేతులు వెట్టి, లేని గట్టు మీద లేని పిండి పిసికి చూసింది. అందరు నవ్విండ్రు. ఆమె ముఖం అట్ల ఎలుగుడు నర్సయ్య పెండ్లినాడు గూడ చూడలే.

ఇంతవరకు బాగనే ఉన్నది. ఖర్మ ఎట్ల కాలిందంటే, రాయి కొనటానికి ముషీరాబాద్ దుకాణానికి ఈయన పోయిండు. ఆడ పాల మీగడ లెక్క తెల్లటి రాయి నిలబెట్టి ఉన్నది. ల్యాబుల రంగు మారేది తెలువాలంటే సీస కింద తెల్లబిళ్ల వెడ్తరు. జన్మంత ఆ తెల్లబిళ్లలు తుడిసిన మనిషికి అంత పెద్ద తెల్లబిళ్ల కనవడంగనే బుద్ధి ఆడనే ఆగిపోయింది.

"వద్దు సార్" అన్నడు బుచ్చిరాములు. "తెల్లది మన వంటలకు ఆగది. పసుపు వడ్తె గుంజుకుంటది."

"మరకల సంగతి నువ్వు చెప్తవా రాములూ నాకు?" అని నవ్విండు. తాతకు దగ్గులు నేర్పుతున్నడనుకున్నడు.

తెల్ల రాయి వెస్ట్రన్ సీటు పైసలు మింగింది. "సీటు తర్వాత చూద్దాం తియ్, గట్టు అయితే వచ్చింది గద" అన్నది సారలమ్మ. ఆమె అట్లనే అంటది. అట్లనే అని అని కోటర్సుల ముసలిదయింది.

గట్టు అయ్యింది. ఎంత మంచిగున్నదంటే, నర్సయ్యకు దాని మీద స్టవ్వు వెట్టబుద్ధి కాలే. "రెండు దినాలు వెనుక వాష్ ఏరియల వండవే, ల్యాబోళ్లు చూసి పోనీ" అన్నడు. ల్యాబోళ్లు చూసిండ్రు, మెచ్చుకున్నరు. తర్వాత వియ్యంకులు చూడాలన్నడు. తర్వాత ఎవరు చూడాల్నో ఆయనకే తెల్వదు. సారలమ్మ రేకుల కింద, నల్లా పక్కన, మళ్లీ నేల మీద. ఎక్కడేసిన గొంగళి అక్కడే. ఈయన మాత్రం పొద్దున లేవంగనే తడిగుడ్డ వట్టుకొని గట్టు తుడుస్తడు, వంటలేని గట్టును.

"గట్టు నాకోసం కట్టినవా, గుడ్డకోసం కట్టినవా?" అని ఆమె ఒకనాడు అడిగింది.

"మరక వడ్తదే, జర పైలం. అంతే నేను చెప్పేది" అన్నడు. ఆ మాట దినాం అనేటోడు. నీళ్ల గ్లాసు వెట్టినా పైలం, నిమ్మకాయ వెట్టినా పైలం.

ఒక వానకాలం పొద్దున రేకుల మీదికెళ్లి జల్లు కొట్టి స్టవ్వు రెండుసార్లు ఆరిపోయింది. సారలమ్మ ఇగ ఆగలే. స్టవ్వు తెచ్చి తెల్లగట్టు మీద వెట్టింది. నిలబడ్డది. నడుం నిటారుగ వెట్టి, గాజులు మోచేతి దాక ఎగదోసి, పప్పుచారు పోపు వెట్టింది. పాడుకుంటున్నట్టు పెదవులు కదిలినయి. నర్సయ్య బజారు నుంచి వచ్చి గడపల నిలబడి అది చూసిండు. నిజం చెప్పాలంటే మొదలు ఆయనకు గూడ సంబురమే అయింది. అంతల గరిటె కింద కంది బద్దంత పసుపు చుక్క కనవడ్డది.

కొట్లాడలే, తిట్టలే. తిట్టినా బాగుండు. సబ్బు తాకితే పసుపు ఎర్రగైతదని తెలిసినోడు గనుక సబ్బు ముట్టలే. దూదిని పెరాక్సైడుల తడిపి చుక్క మీద వెట్టి, జరమొచ్చిన పిల్ల పక్కన కూసున్నట్టు దాని పక్కన నిలబడ్డడు. దూది మారుస్తున్నడు, చూస్తున్నడు. చారు చల్లారింది. సారలమ్మ కొద్దిసేపు ఆయన్ని చూసింది. తర్వాత స్టవ్వు ఎత్తుకొని వానల బయటికే పోయింది. పొద్దుగూకేవరకు మరక పోయింది. అసుంటి పనుల ఆయన్ని మించినోడు లేడు. ఆనాటి నుంచి ఆమె గట్టు మాట ఎత్తలే.

ఆ యేడే చలికాలం ముంగట, అన్నం వార్చి నల్లా పట్టుకొని లేవబోయింది. లేవలే. కుడి పక్క పడిపోయింది, మాట పడిపోయింది. దవాఖానల డాక్టరు బీపీ అన్నడు, ఎన్నాళ్ల నుంచో ఉన్నట్టున్నదన్నడు.

"కింద కూసున్నందుకు గాదు గద బిడ్డా?" అని నర్సయ్య వనజను అడిగిండు.

"బీపీ అన్నరు గద నాయినా" అన్నది వనజ. అనుకుంట గోడ దిక్కు చూసింది, ఆయన దిక్కు చూడలే. తన దిక్కు చూసి ఉంటే ఆయన ఏడ్సేటోడు.

ఇంటికి తెచ్చినంక దొడ్డికి కూసోవెట్టేటందుకు బొక్క ఉన్న ప్లాస్టిక్ కుర్చీ కొన్నడు. అది కొంటున్నప్పుడు సీటు పైసలతోని ఏం కొన్నడో ఆయనకు యాదికొచ్చింది. చేతులు కాలినంక ఆకులు వట్టుకుంటే ఏం ఫాయిదా. అయినా వట్టుకున్నడు. స్టవ్వు తనే లోపటికి తెచ్చి తెల్లగట్టు మీద వెట్టిండు. సారలమ్మను ఇంకో పొట్టి కుర్చీల, గట్టు పక్కన సెగ తగలనంత దూరంల కూసోవెట్టిండు. వంట ఎన్నడు చేసిన మొగోడు గాదు. పప్పు అడుగంటింది, అన్నం మెత్తగయింది. ఆమె ఎడమ దవడతోని మెల్లగ నమిలింది. మాట వస్తదన్నరు, మాట్లాడిస్తుండాలన్నరు. అందుకే వండుకుంట దినాం ఏదో ఒకటి మాట్లాడేటోడు. తన పేరు పిలిపియ్యాలని చూసేటోడు. ఆమె చిన్నప్పటి ఊర్ల పేర్లు చెప్పి చూసిండు. ఆమె కండ్లు మాత్రం కదులుతుండె.

ఒకనాడు పసుపు డబ్బా మూత గట్టిగ ఉండి, చేతిల జారి, పసుపంత గట్టు మీద ఒలికింది. గట్టు మీద అప్పటికే నీళ్లున్నయి. తెల్ల రాయి మీద పచ్చగ పారింది. నర్సయ్య గుడ్డ ముట్టలే. కావాలనే ముట్టలే. "పోనీ. పడనీ. ఇగ నీ గట్టు నీ ఇష్టమే" అన్నడు, ఆమె దిక్కు తిరిగి. ఆ మాట ఆయన ఎప్పటిసందో లోపల దాసుకున్నదే.

సారలమ్మ పెదవి ఒక పక్కకు గుంజుకుపోయింది. నెలల తర్వాత ఆమె నోట్లకెళ్లి మాట వచ్చింది, ముద్దముద్దగ, కానీ తెలిసేటట్టే.

"మరక... జర... పైలం."

దెప్పిందో, భయపడ్డదో ఆయనకు తెల్వలే. ఇప్పటికీ తెల్వదు. ఆమె ఎడమ చెయ్యి, మూతి తుడిసేటందుకు తన భుజం మీద ఏసిన గుడ్డను అందుకున్నది, తుడవాలని గట్టు దిక్కు చాపింది. కుర్చీలకెళ్లి ముందుకు వంగింది, ఇంకింత వంగింది. బుచ్చిరాములు నిలబెట్టి కొలిచి కట్టిన గట్టది. ఆమె చెయ్యి దాని అంచు దాక గూడ రాలే.