అమ్మ బయట కూర్చున్న మూడు రోజులు

పోయిన వారం తిరువూరులో మా మేనకోడలి పెళ్లికి వెళితే, నా ఈడు ఆడవాళ్లంతా ఒకచోట చేరి, ఆ రోజుల్లో ఆడదానికి నెలకు మూడు రోజులైనా విశ్రాంతి ఉండేదనీ, ఇప్పటి పిల్లలకు అదీ లేదనీ నిట్టూరుస్తున్నారు. నా నోరు ఊరుకుంటుందా, దాన్ని విశ్రాంతి అనరు, వెలి అంటారు అన్నాను. తీరా విస్తరి ముందు కూర్చుంటే నాకే అమ్మ నవ్వు గుర్తొచ్చింది.

మీరూ చూసే ఉంటారు. యాభైల్లో మా ఇంట్లో అమ్మను కాకి ముట్టిందంటే చాలు, దొడ్డివైపు వసారాలో చాప, కంచం, చెంబు విడిగా పడేవి. నాయనమ్మ ఎడంగా నిలబడి అన్నం పెట్టేది. నేను పొరపాటున అమ్మ చీర తాకితే, చలికాలమని కూడా చూడకుండా నెత్తిన నీళ్లు కుమ్మరించేది. ఒళ్లు మండేది నాకు. అయితే పక్కింటి అత్తయ్యకూ అవే రోజులు కలిసొస్తే, ఇద్దరూ పిట్టగోడ మీద బొగ్గుతో గడులు గీసుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్లు. మిగతా నెలంతా ఇంటెడుమందికీ వండివార్చే మా అమ్మ పకపకా నవ్వగా నేను విన్నది ఆ వసారాలోనే.

బెజవాడ కాలేజీలో చేరాక, సెలవులకు బస్సు దిగిన రోజే అమ్మ వసారాలో చాప మీద కనిపిస్తే, ఈ ఆచారం మీద నాయనమ్మతో పోట్లాటకు దిగాను. నాన్న నా వైపే తలూపారు. నాయనమ్మ తక్కువ తిన్నదా?

“సరేనే, చదువుకున్నదానివి, నీ మాటే కానీ. ఈ పూట నుంచే మీ అమ్మ వండుతుంది, నేను కాళ్లు చాపుకుంటా,” అంది. చాపుకుంది కూడా.

అమ్మ ఒక చేత్తో నడుం పట్టుకుని పొయ్యి ఊదుతూ, “గెలిచావు గదే తల్లీ! ఇక ఆ పప్పుగిన్నె దించు,” అంది. మెచ్చుకుందో, దెప్పిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పక్కింటి అత్తయ్య కొన్ని నెలలు గోడ అవతలి నుంచి పిలిచి చూసి, మానుకుంది.

ఆ వెలి మళ్లీ రావాలని చచ్చినా అనను. మరి అంటు లేదని ఒప్పుకున్న ఇంట్లో, ఆ మూడు రోజులూ ఇంకొకరు పొయ్యి దగ్గర కూర్చోవచ్చన్న మాట నాన్నకు గానీ, అంత వాదించిన నాకు గానీ ఎందుకు తోచలేదో! ఆచారం పోయింది, మంచిదయింది. కాదన్నవాళ్లతో ఈ రోజుకీ వాదిస్తాను. దాంతోపాటు అమ్మ నవ్వూ పోయింది. దానికి ఎవరితో వాదించాలో మాత్రం తెలియడం లేదు.