గోడకేసి కూర్చున్న మనిషి

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా చెల్లెలి మొగుణ్ణి చూశాక నాకు రాజుల మీద జాలి కలిగింది.

మా మరిది గోదాముల్లో బస్తాలు మోస్తాడు. తోటివాళ్ళు అతన్ని 'బండ' అంటారు. పిలిస్తే పలుకుతాడు కూడా. ఒకసారి గోదాము మేస్త్రీ, ఒక్కో బస్తా కాదు, రెండేసి మోయమన్నాడట. మరిది మారుమాట్లాడలేదు. భుజం మీది బస్తా దించి దానిమీదే కూర్చున్నాడు. తిట్టినా లేవలేదు, బతిమాలినా లేవలేదు. వెనకాల లారీలు బారులు తీరాయి. పొద్దుగూకే వేళకు మేస్త్రీయే వచ్చి, "నీకో దండంరా బాబూ, ఒక్కటే మొయ్యి" అన్నాడు. మరిది యుద్ధం ఎప్పుడూ ఇంతే. అరవడు, చెయ్యి ఎత్తడు, కూర్చుంటాడు. ఇలాంటివాడికి పిల్లనెలా ఇచ్చావని మా నాన్నతో నేను పోట్లాడాను కూడా.

చెల్లెలికి ఇంకా నెలలు నిండలేదు. ఉతికిన బట్టలు మడతపెడుతూ, "తల పగిలిపోతోందక్కా" అంది. అంతలోనే కళ్ళు తేలేసి, ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలుపెట్టింది. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయన్నారు ఆస్పత్రిలో. తల్లి దక్కాలంటే బిడ్డను వెంటనే తీయాల్సిందేనన్నారు. తీశారు. ఆడపిల్ల. ఏడవలేదు.

ఆపరేషన్ గది తలుపుకున్న అద్దంలోంచి నేనూ మరిదీ చూస్తున్నాం. పసిపిల్లల వార్డుకు పెద్ద సిస్టర్ ఒకావిడ ఉంది. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టు ఉంటుంది ముఖం. ఆవిడే పిల్లను అందుకుంది. తుడిచింది, వీపు రుద్దింది. పిల్ల చేతులు వేలాడుతూనే ఉన్నాయి. బుల్లి మాస్కు ముఖం మీద పెట్టి, దానికున్న గాలితిత్తిని వేళ్ళతో నొక్కడం మొదలుపెట్టింది. నొక్కుతోంది, వదులుతోంది, పైకే లెక్కపెడుతోంది. పిల్ల ఛాతీ లేస్తోంది, పడుతోంది. అదంతా ఆవిడ ఊదుతున్న గాలే. నా పక్కన మరిది ఊపిరి తీయడం మానేశాడు. చివరికి కీచుమని ఓ చిన్న శబ్దం వినిపించింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని భోరుమన్నాం. అప్పటిదాకా మా ఇద్దరికీ సరిగ్గా మాటలు కూడా లేవు.

తర్వాత పిల్లల డాక్టరమ్మ వచ్చి ఉన్నమాట చెప్పింది. చిన్న వయసు, నిద్రలేని కళ్ళు. "పాప కిలో మీద కొంచెం ఉంది. ఊపిరి తీయడం వచ్చు, కానీ మధ్యలో మర్చిపోతుంది. నెలలు నిండని పిల్లలు అంతే. మర్చిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు గుర్తుచెయ్యాలి. దానికి తోడు ఒళ్ళు చల్లబడకూడదు. పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లలో ఇప్పటికే ఇద్దరేసి, ముగ్గురేసి ఉన్నారు. ఎవరైనా ఛాతీకి ఆనించుకుని కూర్చోవాలి, ఒంటికి ఒళ్ళు తగిలేలా. తల్లికి ఇంకా తెలివి రాలేదు. మీలో ఎవరు?"

నేను ముందుకు ఉరికాను. అప్పటికి నాకు జలుబు, దగ్గు. ఒక్క తుమ్ము తుమ్మేసరికి పెద్ద సిస్టర్ నన్ను వరండా చివరిదాకా తరిమింది. ఇక మిగిలింది మరిది తల్లి. ఆవిడ బల్లమీంచి కదల్లేదు.

"ఏడో నెలలో పుడితే బతుకుతారు గానీ, ఎనిమిదో నెల పిల్ల నిలవదురా" అంది కొడుకుతో. "ఒంటికి అంటించుకున్నాక ఊడదీసుకోలేం. నా మాట విను."

ఆవిడ చెడ్డదని కాదు. పోయిన పిల్లల్ని చూసిన మనిషి. అయినా ఆ క్షణాన ఆవిడ మీద నాకు ఒళ్ళు మండింది.

"నెలలు నువ్వు లెక్కపెట్టుకో అమ్మా" అన్నాడు మరిది. "నేను వెళ్ళి కూర్చుంటా."

వార్డు తలుపు మీద 'పురుషులకు ప్రవేశం లేదు' అని ఎర్ర అక్షరాల బోర్డు. దాని కింద పెద్ద సిస్టర్.

"చదువు రాదా? లోపల తల్లులు పాలిస్తుంటారు. మగవాళ్ళు రాకూడదు."

"గోడకేసి తిరిగి కూర్చుంటానమ్మా."

"కుదరదు."

"గోడకేమైనా అభ్యంతరమా?"

ఆవిడ తలుపు మూసింది. మరిది గడప ముందు కూర్చున్నాడు. మందుల బండి అతని చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. తుడిచే మనిషి అతన్ని వదిలేసి చుట్టూ తుడిచింది. కాసేపటికి డాక్టరమ్మ వచ్చి, పాప పాదాలు మళ్ళీ చల్లబడ్డాయని పెద్ద సిస్టర్‌తో చెప్పింది. పెద్ద సిస్టర్ గడప దగ్గరి మనిషిని చూసింది, బోర్డును చూసింది, వార్మర్‌ను చూసింది.

"వెళ్ళి స్నానం చేసి రా. గోళ్ళలో మట్టి కనిపించిందంటే మళ్ళీ పంపిస్తా" అంది. రెండుసార్లు పంపించింది కూడా.

మూలన గోడకు జానెడు దూరంలో కుర్చీ వేశారు. వంద కిలోల బస్తా అవలీలగా ఎత్తే మనిషికి, ఆ కిలో బరువును ఛాతీ మీద పెట్టేసరికి నుదుటి మీద చెమట పట్టింది. మెత్తని నూలు గుడ్డతో పిల్లను అతనికి కట్టేసి, పైన చొక్కా కప్పారు. పిల్ల ముక్కులోంచి పాలకోసం సన్నని గొట్టం, కాలికి ఒక తీగ. ఊపిరి ఆగితే ఏం చేయాలో సిస్టర్ చూపించింది. అరికాలు మీద వేలితో చిన్నగా కొట్టాలి, వీపు నిమరాలి. అప్పటికీ తీయకపోతే కేకెయ్యాలి.

కిటికీ బయటినుంచి నాకు అతని వీపు, గోడ మాత్రమే కనిపించేవి. మాటలు మాత్రం వినిపించేవి. లాలిపాటలు రావు కాబట్టి తిట్టేవాడు. "ఏమే, మళ్ళీ మర్చిపోయావా? పనిలోకొచ్చి నిద్రపోతావా? పీల్చు. ఆ, అదీ. మళ్ళీ పీల్చు." మొదట్లో తల్లులు పమిటలు సర్దుకుని మూతులు ముడిచారు. తర్వాత్తర్వాత, "అన్నయ్యా, మావాడు ఏడుపాపడంలేదు, ఓ రెండు తిట్టు" అని అడిగేదాకా వచ్చారు. అతను గోడకేసే చూస్తూ వాడినీ తిట్టేవాడు. అతను కాస్త తిని కాళ్ళు చాపుకునే వేళకు మాత్రం పాపను వార్మర్‌లో పెట్టేవారు. మళ్ళీ వచ్చి కూర్చునేవాడు.

ఒకరోజు ఆస్పత్రి పెద్ద డాక్టరు పటాలంతో తనిఖీకి వచ్చాడు. మూలన మగమనిషి కనిపించగానే ఆగిపోయాడు.

"ఎవరతను? బయటికి పంపండి."

"లేవడం కుదరదు సార్, ఇప్పుడే పడుకుంది" అన్నాడు మరిది, తల తిప్పకుండా.

"నీతోనే మాట్లాడేది! ఇటు తిరుగు!"

"తిరగకూడదు సార్. గోడకేసే కూర్చోమన్నారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద డాక్టరు ముఖం కందగడ్డలా అయింది. అతను మళ్ళీ నోరు తెరిచేలోపు మరిది గొంతు మారింది. "ఏమే. ఏమే, పీల్చు. పీల్చవే!" వేలితో అరికాలు మీద కొడుతున్నాడు. వీపు నిమిరాడు. "సిస్టరమ్మా!"

పెద్ద సిస్టర్ పెద్ద డాక్టర్ని భుజంతో పక్కకు నెట్టి మరీ వచ్చింది. ముడి విప్పి పిల్లను బల్ల మీద పడుకోబెట్టింది. పెదాలు నీలం. మాస్కు, గాలితిత్తి. నొక్కుతోంది, వదులుతోంది. మరిది మొదటిసారి గోడ వదిలి ఇటు తిరిగాడు. చొక్కా తెరుచుకుని ఉంది, ఛాతీ మీద పిల్ల ఆనిన చోట చెమట మెరుస్తోంది. వార్డులో ఒక్క తల్లీ పమిట సర్దుకోలేదు. అందరూ ఆ బల్లకేసే చూస్తున్నారు. కిటికీ అవతల నేను ఊచలు పట్టుకుని, నాకు తెలిసిన దేవుళ్ళందరినీ తిట్టాను.

పిల్ల కదిలింది. నీలం మెల్లగా ఎరుపైంది. ఓ మూలుగు మూలిగింది.

పెద్ద సిస్టర్ పిల్లను ఎత్తి, ఎవర్నీ అడక్కుండా, మళ్ళీ మరిది ఛాతీ మీద పెట్టి గుడ్డ బిగించి కట్టింది. అప్పుడు తిరిగి, "చెప్పండి సార్, ఏదో అంటున్నారు" అంది.

పెద్ద డాక్టరు కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "గోడకేసే కూర్చోమనండి" అని వెళ్ళిపోయాడు.

పిల్ల నిలదొక్కుకుంటోందని తెలిశాక మరిది తల్లి కూడా కిటికీ దగ్గరికొచ్చింది. చాలాసేపు చూసి, "ఏడో నెలేలే. లెక్క మీరే తప్పారు" అంది. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో అదొక ఘనకార్యం.

అవతలి వార్డులో చెల్లెలికి తెలివొచ్చింది. పాప బాగుందంటే నమ్మలేదు. "ఉంటే నా దగ్గరికి ఎందుకు తేరు? పోయిందని చెప్పండి, ఏడ్చుకుంటాను" అని సెలైన్ సూది పీక్కోబోయింది. ఇక లాభం లేదని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. నేను వార్డు గుమ్మందాకా తోశాను. నా దగ్గు అప్పటికి తగ్గింది.

మరిది కుర్చీ తిప్పి, చొక్కా తెరిచాడు. చెల్లెలు ఆ పిడికెడంత తలను వంగి చూసింది. ఏడుపు కాదు, కోపం వచ్చింది.

"కన్నది నేను. నాకంటే ముందు నువ్వెత్తుకున్నావా?"

"మరి నువ్వు పడుకున్నావుగా" అన్నాడు మరిది.

పెద్ద సిస్టర్ పిల్లను తీసి చెల్లెలి గుండెల మీద కట్టింది. ఎక్కడ పట్టుకోవాలో తెలియక చెల్లెలు చేతులు గాల్లోనే ఉంచింది. "ఊపిరి ఆగుతుందటగా" అంది.

"ఆగుతుంది" అన్నాడు మరిది. "ఆగితే అరికాలు మీద ఇలా కొట్టు. అప్పటికీ తీయకపోతే సిస్టరమ్మ ఉంది. భయపడకు, నేనిక్కడే ఉన్నా."

కాసేపు బాగానే ఉంది. చెల్లెలు పిల్ల వాసన చూస్తోంది. ఉన్నట్టుండి తల ఎత్తింది, కళ్ళు పెద్దవయ్యాయి. గుడ్డ కింద కదలిక ఆగింది. అన్నాళ్ళ అలవాటు కదా, మరిది చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

చెల్లెలు ఆ చేతిని ఫట్‌మని కొట్టింది.

"చెయ్యి తియ్. నా బిడ్డ."

అని, అప్పటిదాకా గాల్లో ఆగిన వేలితోనే ఆ అరికాలు మీద ఒక్కటి కొట్టింది. పిల్ల ఉలిక్కిపడి, ఊపిరి తీసి, వార్డు వార్డంతా వినేలా ఏడ్చింది.

మా మరిది ఖాళీ చేతులతో కాసేపు నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి తన కుర్చీలో గోడకేసి తిరిగి కూర్చున్నాడు. అందరికీ అతని వీపే కనిపించింది, భుజాలు అదురుతున్నాయి. ఎవరూ అతన్ని లేవమనలేదు.