తువ్వాలు కప్పని బేరం

ఆ రోజుల్లో డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాడికీ లోకం తన కోసమే ఆగి ఉన్నట్టు అనిపించేది. నాకైతే మరీనూ. మార్కాపురంలో ఒక కంప్యూటర్ దుకాణంలో కొత్తగా చేరి (జీతం సంగతి అడగకండి), కనపడినవాళ్ళందరి వెంటా వెబ్‌సైటు చేసిపెడతానని పడేవాణ్ణి. చివరికి దొరికింది మా మేనమామ. ఆయన గొర్రెల సంతలో మధ్యవర్తి. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ విడివిడిగా ఆయన చేతిలో చెయ్యి పెడితే, పైన తువ్వాలు కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవాళ్ళు. పక్కన నిలబడ్డవాడికి తువ్వాలు కదలడం తప్ప ఇంకేమీ తెలియదు. మామ చిటికెన వేలు వంకర. తువ్వాలు కింద అది తగిలితే చాలు, చెయ్యి ఆయనదేనని కళ్ళు మూసుకుని నమ్మేవాళ్ళు.

ఆ తువ్వాలునే నేను ఇంటర్నెట్టులోకి ఎక్కించాను. అమ్మేవాళ్ళు ఇంతకు తగ్గమనే ఆఖరు ధరను ఫోనులో కొడితే మామ ఒక్కడికే కనిపిస్తుంది. కనిపించాలి. "దారిలో ఎవరూ చదవకుండా సైటుకు సర్టిఫికెట్టు పెట్టుకోరా, ఊరికే వస్తది" అని దుకాణంలో అన్న చెబితే, "అన్నా, అది బ్యాంకులకు గదా, గొర్రెలకెందుకు?" అన్నాను. అడ్రసు పక్కన 'సురక్షితం కాదు' అని బ్రౌజరు మొత్తుకుంటుంటే, దాని పనే అది అనుకున్నాను.

ఒక సంత రోజున పుల్లలచెరువు వైపు నుంచి ఒక పెద్దమ్మ మందను తోలుకొచ్చింది. అక్కడ నీళ్ళు లేవు, మేత లేదు. ఆ గొర్రెలకు మంచి ధర వస్తేగానీ ఆమె ఇల్లు గడవదు. టీ దుకాణంలో ఉచిత వైఫై పట్టుకుని, ఆమె నా చెవిలో చెప్పిన ఆఖరు ధరను ఫోనులో కొట్టాను. పక్క బల్ల దగ్గర కేబుల్ బావ (ఆ వైఫై పెట్టింది ఆయనే, నాకు వరసకు బావ) ఆ వైఫై మీద పోయేవన్నీ లాప్‌టాప్‌లో తెరిచి, నెట్టు ఎందుకు ఈడుస్తున్నదో వెతుకుతున్నాడు. ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు.

"ఏంది బామ్మర్దీ, పెద్దమ్మ గొర్రెల ఆఖరు ధర ఇంతేనా?" అని అంకె పైకి చదివేశాడు.

ఆ మందను కొనడానికి వచ్చి ఎదురుగా కూర్చున్న కనిగిరి వ్యాపారి ముంచిన బిస్కెట్టు టీలో పడిపోయింది. నా పక్కనున్న మామ గిర్రున తిరిగాడు.

"అబద్ధం! వాడు తొంగి చూసినాడు" అంటూ భుజం మీది తువ్వాలు తీసి నా ఫోను మీద కప్పాడు. దాని కింద తన తల కూడా దూర్చి ఏదో టకటకా కొట్టి, చెమటలు కక్కుతూ బయటికొచ్చాడు. "ఇప్పుడు చెప్పు చూద్దాం!"

కేబుల్ బావ తెర చూసి మొహం ముడుచుకున్నాడు. "'కేబులోడు పచ్చి దొంగ' అని రాసినావు గదా మామా!"

దుకాణమంతా గొల్లుమంది. మామ నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఎందరి రహస్యాలు ఇట్లా గాలిలో బట్టల్లేకుండా తిరిగాయో!

"సరే పెద్దమ్మా, నువ్వన్న ధరకే తీసుకుంటాలే" అన్నాడు వ్యాపారి, మహా ఉపకారం చేస్తున్నట్టు. పెద్దమ్మ మాత్రం నా వైపే చూసింది. "చెవిలో చెప్పిన మాట సంతంతా ఎట్ల పోయింది నాయనా?"

నేను ఫోను జేబులో దాచుకున్నాను. మామ అందుకున్నాడు. "ఈ పొద్దు బేరం లేదు. మంద నా దొడ్లో ఉంటది, వచ్చే సంతకు అమ్ముదాం. అందాక మేపేది వీడు."

అట్లా నేను జీన్స్ ప్యాంటుతో గొర్రెలు కాశాను. ఒక పొట్టేలు నా చొక్కా చెయ్యి నములుతుండగా, వేపచెట్టు కింద కూర్చుని సైటుకు సర్టిఫికెట్టు పెట్టాను. టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. అదే నాకు అన్నిటికంటే సిగ్గుగా అనిపించింది.

"ఫోను మీద కప్పితే లాభం లేదు మామా. మాట పోయే దారంతా కప్పాల. ఇప్పుడు కప్పినాను" అన్నాను.

"మరి అవతల ఉండేది నేనేనని వాళ్ళకెట్ల తెలుస్తది?"

"అందుకే సర్టిఫికెట్టు. అది సైటుకు నీ వంకర వేలు లాంటిది."

మామ తన వంకర వేలు పైకెత్తి, నా ఫోను పక్కన పెట్టి చూసుకున్నాడు.

మరుసటి సంతలో పెద్దమ్మ కొత్త ధర చెప్పింది, నేను కొట్టాను. కేబుల్ బావ తెర మీద ఏవో పిచ్చి గీతలు తప్ప ఏమీ రాలేదు. "ఏం తెలవట్ల మామా" అని ఆయన చేతులెత్తేస్తే, కనిగిరి వ్యాపారి పాట పెంచుకుంటూ పోక తప్పలేదు. పెద్దమ్మ కొంగులో డబ్బు ముడేసుకుని, పోతూ పోతూ నా తల నిమిరింది. "ఈసారి కప్పినావు నాయనా" అంది.

ఇప్పుడు నేను అడ్రసు దగ్గర తాళం గుర్తు చూడందే ఎక్కడా అక్షరం కొట్టను. అయినా పాస్‌వర్డు అడిగినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే భుజం మీదికి పోతుంది, లేని తువ్వాలు కోసం.