సావెట్ పెట్టిన టిక్కు

ఏలకుల కొండల కింద నూట పది గడపల ఊరికి సావెట్ జ్వరాల మనిషి. వేలు గుచ్చి రక్తం చూసేది, మలేరియా మాత్రలిచ్చేది ఆవిడే. వయసు యాభై రెండు, చదువు నాలుగో తరగతి. మాత్ర మింగానన్న వాడి చేత నోరు తెరిపించి నాలుక కింద వెతికే రకం.

ఆ ఏడాది పరిశోధన బృందం దిగింది. పాత మందు ఈ కొండల్లో ఎప్పుడో చచ్చుబడింది. కొత్తది పనిచేస్తోందో లేదో తేల్చాలి. మూడు రోజులు, మూడు మోతాదులు. ప్రతిదీ సావెట్ ఎదుటే మింగాలి, ఆమె కాగితం మీద టిక్కు పెట్టాలి. నాలుగో రోజు మళ్లీ రక్తం తీస్తారు. అప్పటికీ క్రిమి కనిపిస్తే అనుమానం మందు మీదే.

దుంగలు కోసే లున్, జ్వరం దిగాలని వీపు నిండా నాణెంతో గీకించుకున్న ఎర్రచారలతో వచ్చి మొదటి మోతాదు మింగాడు. మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడు.

"పిన్నీ, బండి అడవికి పోతోంది. మిగతా రెండూ ఇచ్చెయ్, అక్కడే మింగుతా. నాలుగో రోజుకి దిగొస్తా."

"నా ఎదుట మింగాలిరా."

"నీ మొహం చూస్తేగానీ మాత్ర కరగదా ఏంటి?"

ఆమె నవ్వి ఇచ్చేసింది. ఆ నవ్వుతోనే రెండు గడుల్లోనూ టిక్కులు పెట్టేసింది.

నాలుగో రోజు లున్ చెప్పినట్టే కొండ దిగి వేలు చాపాడు. గాజుపలక నిండా క్రిములే. బృందం డాక్టరు మొనిరత్ పెదవి విరిచాడు.

"ముప్పై ఇద్దరిలో ఇతను నాలుగోవాడు. ముగ్గురైతే పదో వంతు దాటదు, ఆగేవాణ్ణి. ఇక ఈ మందు కూడా పోయిందని రాయాల్సిందే."

దీని తర్వాత ఇవ్వడానికి తన పెట్టెలో మరో మాత్ర లేదని సావెట్‌కు తెలుసు. లున్‌ను పక్కకు పిలిచింది.

"మింగావా?"

"పంచుకున్నాం పిన్నీ. నాతో దుంగలు కోసే ముగ్గురికీ ఒళ్లు కాలిపోతోంది. అడవిలో ఒక్కడే తింటే అక్కడి దేవుడు, అడవి తాత, ఊరుకుంటాడా? చేపముద్ద పంచుకునేవాళ్లం, మాత్ర దాచుకోమంటావా?"

మందు పూర్తిగా వాడండని ప్రతి గోడ మీదా పోస్టరు ఉంది. నలుగురి మధ్య ఒకే మాత్రల అట్ట ఉంటే పూర్తిగా వాడేది ఎవరో ఏ పోస్టరూ చెప్పదు.

సావెట్ డాక్టరు దగ్గరికి వెళ్లింది. "లున్‌వి చివరి రెండు టిక్కులూ నేను చూడకుండా పెట్టినవి. అతన్ని లెక్కలోంచి తీసెయ్యండి."

"ఇలాంటివి ఇంకెన్ని?"

"ఇంకేం లేవు. మిగతావన్నీ నాలుక కింద చూసి పెట్టినవే."

"నేనెలా నమ్మాలి?"

"నమ్మొద్దు. ఇంటింటికీ వెళ్లి అడగండి."

అతను రెండు రోజులు తిరిగి అడిగాడు. ఇంకో తప్పుడు టిక్కు దొరకలేదు. లున్ పేరు కొట్టేశాడు; లెక్క ముగ్గురికి దిగింది, మందు పోయిందని రాయలేదు. కాగితాలు సావెట్ దగ్గర్నుంచి తీసుకుని నర్సుకిచ్చాడు. దీన్ని నిజాయితీ అని పొగిడేవాళ్లు ఉంటారు. అంత పెద్ద మాట అక్కర్లేదు. పెట్టెలో ఉన్న ఆఖరి మందు ఆమెకు తన పేరు కంటే ఎక్కువ, అంతే.

మర్నాడు నాలుగు అట్టలు సంచిలో వేసుకుని లున్‌తో పాటు దుంగల బండెక్కింది. అడవిలో లున్‌కీ, అతని ముగ్గురు తోటివాళ్లకీ వేలు గుచ్చింది. నలుగురిలోనూ క్రిమి ఉంది.

"మనిషికో అట్టా? పెళ్లి విందులా ఉందే పిన్నీ," అన్నాడు ఆ నలుగురిలో ఒకడైన మేస్త్రీ.

"ఒక్కడే తినకూడదన్నారుగా. అందరూ కలిసి మింగండి. ఎవడి అట్ట వాడిదే. పక్కవాడికిచ్చారో, అడవి తాత కంటే ముందు నేనొస్తా."

నలుగురూ ఒక్కసారే మింగారు. ఆమె వరసగా నోళ్లు తెరిపించింది. అక్కడే ఊయల కట్టుకుని మూడు రోజులూ ఉంది. నాలుగో రోజు నాలుగు గాజుపలకలు మొనిరత్‌కు పంపింది. నాలుగూ శుభ్రం.

కాగితాలు మాత్రం అతను వెనక్కివ్వలేదు. ఆమె అడగనూలేదు. మందు పెట్టెలోనే ఉంది.