పద్నాలుగున్నర కిలోల పెట్టె

అట్టపెట్టెల గోడ కూలినప్పుడు బస్వరాజ్ సరిగ్గా దాని కిందనే ఉన్నాడు.

చిరాగ్‌పల్లి దగ్గర, హైవే పక్కనున్న ఒక సూపర్‌మార్కెట్ వాళ్ల గోడౌన్. పట్టపగలు పదకొండు గంటలు. ఎనిమిది వరుసల ఎత్తున పేర్చిన అల్లం పేస్టు పెట్టెల్లో అడుగు వరుస ముందు పిగిలింది. పైన ఉన్నవన్నీ ఒరిగి అతని మీద పడ్డాయి. ఒక్కో పెట్టెలో నలభై ఎనిమిది గాజు సీసాలు. తోటి హమాలీలు పగిలిన గాజులోకి వట్టి చేతులు దూర్చి, అరచేతులు కోసుకుంటూ అతన్ని బయటికి లాగేసరికి ఎడమ కాలు మోకాలి కింద నుజ్జునుజ్జయి ఉంది.

అంతకు పది నిమిషాల ముందే అతను సూపర్‌వైజర్‌కు చెప్పాడు. "సార్, ఇవి మస్తు బరువున్నయ్. ఐదు వరుసలకే ఆపుదం."

"స్క్రీన్ మీద పద్నాలుగున్నర కిలోలే సూపెడుతున్నది. ఎనిమిది ఎక్కియ్," అన్నాడు సూపర్‌వైజర్.

ఆ అంకె వచ్చింది జహీరాబాద్‌లోని అల్లం పేస్టు కంపెనీ నుంచి. అక్కడ అంకెలు పంపే పని భాగీరథిది.

భాగీరథిది రాయికోడ్ దగ్గర పల్లె. పెళ్లయి జహీరాబాద్ వచ్చిన కొత్తలో అదే కంపెనీ షెడ్డులో అల్లం గీకేది. రోజంతా గీకితే వేళ్లు మండి, రాత్రి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి వచ్చేది కాదు. కంప్యూటర్ చూసే మనిషి మానేసినప్పుడు, "మా భాగీరథి ఇంటర్ సదివింది సేటూ" అని పక్కన గీకే కమలమ్మే ఆమెను ముందుకు తోసింది. యజమాని మదన్‌మోహన్ సరే అన్నాడు. ఆరు నెలల్లో ఆమె ఆ పనిలో ఆరితేరింది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ప్రతి సరుకుకూ ఒక బార్‌కోడ్ ఉంటుంది. ఆ కోడ్ వెంట సరుకు పేరు, అందులో ఏమేం కలిపారు, పెట్టెలో ఎన్ని సీసాలు, పెట్టె పొడవెంత, బరువెంత అన్నీ నింపి పంపాలి. ఇక్కడ మీట నొక్కితే సూపర్‌మార్కెట్ వాళ్ల కంప్యూటర్లోకి పోతుంది. అక్కడ దాన్ని మళ్లీ ఎవరూ తూచి చూడరు. ఆ అంకెనే నమ్మి, ఎన్ని వరుసలు పేర్చాలో అక్కడి కంప్యూటరే లెక్కగట్టి చెబుతుంది. అందుకే భాగీరథి పెట్టెలతో వచ్చే అచ్చుకాగితాల్లోని బరువును నమ్మేది కాదు. పెట్టెను తనే కాటా మీదికి ఎత్తి, మూడుసార్లు తూచి, అప్పుడు రాసేది.

అల్లం పేస్టుకు కొత్తగా వచ్చిన పెద్ద పెట్టె ఇరవై నాలుగున్నర కిలోలు తూగింది. అదే పంపింది. అవతలి నుంచి ఎర్రగీతతో తిరిగొచ్చింది: చేత్తో ఎత్తే పెట్టె ఇరవై కిలోలు దాటకూడదు.

మదన్‌మోహన్ కొడుకు పృథ్వీరాజ్ ఆ గీతను చూసి విసుక్కున్నాడు. "పెట్టెలన్నీ అచ్చయి వచ్చినయ్. ఇప్పుడు చిన్నయి యాడికెల్లి తెస్తం? రెండు తీసేసి ఒకటి కొట్టు. పద్నాలుగున్నర."

"నేను కొట్ట సార్. నేను తూచిన బరువది."

"కంప్యూటర్ల అంకెనే గదా. దానికేం నొప్పైతదా?"

ఆమె కదల్లేదు. పృథ్వీరాజ్ తన గదిలోకి పోయి, తన పాస్‌వర్డుతో లోపలికెళ్లి తనే మార్చాడు. మర్నాడు పొద్దున చూస్తే ఎర్రగీత పోయి పచ్చగుర్తు ఉంది. పక్కన పద్నాలుగున్నర. గోడౌన్‌కు ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ ఉద్యోగం గుర్తొచ్చింది, అల్లం షెడ్డు గుర్తొచ్చింది. తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. పదో రోజున బస్వరాజ్ కాలు పోయిందని తెలిసింది.

కాలు తీసేసిన మర్నాడు మధ్యాహ్నం, గోడౌన్లో మిగిలిన పెట్టెలు తూచి చూసిన అతని అన్న విరూపాక్ష పదిమంది హమాలీలతో కంపెనీ మీద పడ్డాడు. అడ్డొచ్చిన వాచ్‌మన్‌ను గేటుకేసి కొట్టారు. ఆఫీసు అద్దాలు పగిలాయి. ప్రింటరు గోడకు తగిలి ముక్కలైంది. పృథ్వీరాజ్ బీరువా వెనక దూరితే కాలరు పట్టి ఈడ్చి మొహం మీద గుద్దారు. ముక్కులోంచి నెత్తురు చొక్కా మీదికి కారింది.

విరూపాక్ష చేతిలో ఇనుప రాడ్డు ఉంది. "ఎవడు కొట్టిండ్రా గా అంకె? పేరు చెప్పు!"

"నేను గాదు! గామె! అంకెలు పంపేది గామెనే!" అని పృథ్వీరాజ్ భాగీరథి వైపు వేలు చూపించాడు.

రాడ్డు ఆమె వైపు తిరిగింది. భాగీరథి విరూపాక్ష కళ్లలోకి చూసింది. అతను కొట్టడానికి రాలేదు, చంపడానికి వచ్చాడు. తను పేరు చెబితే ఆ రాడ్డు పృథ్వీరాజ్ తల మీద పడుతుంది, ఒక్క దెబ్బతో ఆగదు.

"అంకెలు పంపేది నేనే అన్నా," అంది.

రాడ్డు లేచింది. తలకు అడ్డంగా కుడిచెయ్యి పెట్టుకుంది. మణికట్టు దగ్గర ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. రెండో దెబ్బ భుజం మీద పడింది. నేల మీద పడిపోయింది. మూడో దెబ్బకు రాడ్డు లేచేసరికి షెడ్డులోని ఆడవాళ్లు గీకే కత్తులతోనే పరుగెత్తుకొచ్చారు. కమలమ్మ భాగీరథి మీద అడ్డంగా పడింది.

"నన్నేసెయ్‌రా ముందు! దీని పాణం తీస్తే నీ తమ్మునికి కాలొస్తదా?"

ఆమె అరుపుకు విరూపాక్ష చెయ్యి గాలిలోనే ఆగింది. ఇంతలో పోలీసు జీపు వచ్చి అతన్ని ఎక్కించుకుపోయింది.

దవాఖానలో కట్టు కట్టించుకుని పడుకున్న భాగీరథి దగ్గరికి సాయంత్రం మదన్‌మోహన్ వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని మెల్లగా అన్నాడు. "గా అంకె పొరపాటున నువ్వే కొట్టినవని పోలీసులకు చెప్పు బిడ్డా. నీ చెయ్యి నయం చేయించే పూచీ నాది."

"మీ కొడుకు తల పగలకుండ ఈ చెయ్యి అడ్డం పెట్టిన సేటూ," అంది భాగీరథి. "అబద్ధానికి అడ్డం పెట్ట."

మూడోనాడు చేతిని మెడకు వేలాడదీసుకుని పోలీసు స్టేషన్‌కు పోయింది. ఎస్సై కృష్ణవేణి ముందు కూర్చుని మొదటినుంచి చెప్పింది. సరుకు వివరాల్లో ఏ అంకె మారినా, ఎవరి పాస్‌వర్డుతో, ఏ రోజు, ఎన్ని గంటలకు మారిందో అవతలి కంప్యూటర్లో చెరగకుండా ఉంటుందని, అది తెప్పించుకోమని అడిగింది.

"నా చెయ్యి ఇరగ్గొట్టింది విరూపాక్ష. బరువు మార్చింది పృథ్వీ సార్. రెండూ రాసుకోండి మేడం," అంది. ఎస్సై రాసుకున్నాక, "తొమ్మిది దినాలు నాకెర్కే. నోరు మెదపలే. అది గూడ రాయండి."

అవతలి కంప్యూటర్ నుంచి కాగితాలు వచ్చాయి, పాస్‌వర్డు ఎవరిదో తేలింది. పృథ్వీరాజ్‌ను తీసుకొచ్చారు. అదే రోజు, జైలు నుంచి విచారణకు తీసుకొచ్చిన విరూపాక్షను వరండా బెంచీ మీద కూర్చోబెట్టి ఉన్నారు. విషయం వినగానే అతను బేడీలతోనే లేచి, ఎగిరి పృథ్వీరాజ్ మొహాన్ని తలతో పొడిచాడు. ఇద్దరూ నేల మీద దొర్లారు. ముగ్గురు కానిస్టేబుళ్లు లాఠీలతో బాది విడదీశారు. విరూపాక్ష నెత్తురు ఉమ్మి, భాగీరథి వైపు చూసి, "ఆనాడే ఎందుకు చెప్పలే?" అని అరిచాడు.

పృథ్వీరాజ్ కొన్నాళ్లు లోపలుండి బెయిలు మీద వచ్చాడు. విరూపాక్ష కూడా అంతే. రెండు కేసులూ నడుస్తున్నాయి, రెండింటిలోనూ భాగీరథి సాక్షి. కంపెనీ ఆమెను తీసేసింది. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ వంగవు. రాయికోడ్‌లో జొన్నపిండి, పప్పులు అమ్మే ఆడవాళ్ల సంఘానికి సరుకు వివరాలు పంపే పని ఎడమచేత్తో చేస్తోంది. బస్తాలు కాటా మీదికి ఎత్తడానికి మొదట్లో కమలమ్మ వచ్చేది.

మొన్న వాయిదా రోజున కోర్టు వరండాలో బస్వరాజ్ కర్రల మీద వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఆనాడు పేరు చెప్తే మా అన్న ఏం చేస్తుండె?"

"సంపుతుండె."

బస్వరాజ్ తల ఊపాడు. "మా ఇంట్ల నా కాలొక్కటే పోయేది కాదు అప్పుడు, అన్న గూడ ఖూనీ కేసుల పోతుండె," అన్నాడు. తరవాత నెమ్మదిగా, "కానీ ఆ తొమ్మిది దినాలల్ల ఒక్క ఫోన్ చేసుంటే బాగుండు," అన్నాడు.

"అవును తమ్మీ," అంది భాగీరథి. కళ్లనీళ్లు ఆపుకోలేదు.

కేసు మళ్లీ వాయిదా పడింది. ఆమె అతని కర్రలు పట్టుకుని ఆటోలోకి ఎక్కించింది. బస్టాండు దాకా ఇద్దరూ కలిసే పోయారు.